పెన్సిలూ, నీలి సిరా

బాలరాట్‌లో, స్టర్ట్ వీధి చివర
పాత కోట్ల వాసన వేసే చారిటీ షాపులో
రెండు డాలర్లకు కొన్నాను దీన్ని.
పై అట్ట లేదు. పేరు లేదు.
దయ్యాల నవల అని మాత్రం
మొదటి పేజీలోనే తెలిసిపోతుంది:
బంగారు గని పక్కన ఇల్లు, ఇంటి కింద నేలమాళిగ,
రాత్రి రెండింటికి తలుపు మీద గోళ్ల చప్పుడు.

లోపలి పేజీలో పెన్సిలుతో, డోరీన్ ప్రిచర్డ్, 1961.
కింద నీలి సిరాలో,
ఇప్పుడిది గ్లెనిస్‌ది. అమ్మా, అంచుల్లో రాయడం మానెయ్.

డోరీన్ మానలేదు.

జూలై చలి. హీటరు ముందు కాళ్లు ముడుచుకుని
నేను చదువుతున్నది నవలనో
దాని ఒడ్డున నడుస్తున్న తగువునో
నాకే తెలియదు.

కథలో తండ్రి ఎజ్రా. పెళ్లాం పోయినవాడు.
చీకటి పడగానే కూతుర్ని కిందకి దించి తాళం వేస్తాడు,
దయ్యం నుంచి కాపాడటానికట.
తాళంచెవి మెడలో, చొక్కా లోపల,
చర్మానికి ఆనుకుని.
పొద్దున్నే తనే జావ కాచి
ఊది ఊది తాగిస్తాడు.

ఇక్కడ పెన్సిలు: పాపం, భయస్థుడు.
పక్కనే సిరా: భయమైతే తన గదికి వేసుకోవాలి తాళం.
పెన్సిలు: నీకు పిల్లలు పుడితే తెలుస్తుంది.
సిరా: పుట్టరు.

ఆ ఒక్క మాట దగ్గర
కాగితం అవతలివైపుకి పొడుచుకొచ్చింది.
వేలితో తడిమాను.

ఒక రాత్రి ఎజ్రా తాగి కుర్చీలోనే నిద్రపోతాడు.
లవీనియా ఆ మెడలో తాళంచెవిని చూస్తుంది.
తీసుకోదు.
దుప్పటి కప్పి, తనంతట తనే మెట్లు దిగుతుంది.
ఇక్కడ సిరా ఏమీ రాయలేదు. పెన్సిలూ రాయలేదు.
మరక ఒకటుంది, టీ కావచ్చు.

రాసినవాడెవడో గానీ గట్టివాడు.
ఎజ్రాని రాక్షసుణ్ణి చేసి చేతులు దులుపుకోలేదు.
అతని చేత కూతురికి జడ అల్లించాడు.
వంకరగా వచ్చిందని ఇద్దర్నీ నవ్వించాడు.
గోళ్ల చప్పుడుకి కాదు,
ఆ వంకర జడకి నాకు ఒళ్లు జలదరించింది.

రెండువందల పన్నెండో పేజీలో పెన్సిలు ఆగిపోయింది.
వాక్యం మధ్యలో.
‘అతనికి ఎవరైనా చెప్పి ఉంటే’ దగ్గర.

కొన్ని పేజీలు ఖాళీ.
ఆపైన అంతా నీలమే.
ఎజ్రా దుర్మార్గుడు, అని ఒకచోట.
దాని కిందే, అదే సిరా, అదే చెయ్యి,
అక్షరాలు మాత్రం డోరీన్‌వి లాగా గుండ్రంగా సాగదీసి:
పాపం, భయస్థుడు.

చివర్న తెలుస్తుంది,
తలుపు గీరింది చచ్చిపోయిన తల్లి అని.
లోపలికి రావడానికి కాదు,
బిడ్డని బయటికి తీయడానికి.

పుస్తకం మూశాను.

పోయిన నెల మా సుధన్వ గదికి
లోపలి గడియ ఊడదీశాను నేను.
పద్నాలుగేళ్లవాడు. ఫోనూ, రాత్రిళ్లూ, నా ఊహలూ.
నీ మంచికే అన్నాను, స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే.
మర్నాడు పెసరట్లు పోశాను. అల్లం ఎక్కువేసి, వాడికిష్టమని.
తిన్నాడు. బావుందన్నాడు.
అప్పట్నుంచీ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకుంటున్నాడు.
పదిన్నరకి అది నేలని గీరే చప్పుడు
నా మంచం దాకా వస్తుంది.

తాళం వేసినవాడూ, గడియ పీకినదీ.
మా ఇంటి అంచుల్లో
ఏ సిరాతో ఏం రాస్తున్నాడో వాడు.

వంటింటి సొరుగు వెతికాను.
గడియ దొరికింది. మూడు మరలు దొరికాయి.
నాలుగోది లేదు.
మూడింటితో నిలుస్తుందా?
తెల్లారి షాపు తెరిచేదాకా ఆగాలా?

మరలు గుప్పెట్లో పట్టుకుని మేడెక్కాను.
తోస్తే కాస్తయినా తెరుచుకునే తలుపే.
తోయలేదు.
వేళ్ల కణుపులతో రెండుసార్లు కొట్టి
నిలబడ్డాను.

కుర్చీ ఇంకా జరగలేదు.